అక్టోబర్‌లో మా పార్కింగ్‌లో దొరికిన పిట్ట, భితరకనికా మడ అడవిలో చూసిన పిట్ట ఒకటేనా?

మందారం_తార్నాక:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి. రెండు పిట్టల గురించి అడగాలి. ఒకటి పగలంతా మా ఇంట్లో ఉంది. రెండోది నాకు నాలుగు సెకన్లు కనిపించింది.

మొదటిది పోయిన అక్టోబర్ సంగతి. మాది తార్నాకలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, ఇళ్లకి వెళ్లి శాంపిల్స్ తీసుకోవాలి కాబట్టి పొద్దున ఆరింటికే బయల్దేరతాను. ఆ రోజు స్కూటీ తీద్దామని కిందికి దిగితే, మెట్ల దగ్గరున్న పెద్ద గాజు అద్దం కింద గచ్చు మీద ఒక పిట్ట కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్లినా కదల్లేదు. ఒళ్లంతా ఉబ్బించుకుని, కళ్లు సగం మూసుకుని ఉంది. వీపు ఆకుపచ్చ, పొట్ట లేత గోధుమరంగు, తోక కింద కుంకుమ ఎరుపు, భుజం దగ్గర మెరిసే నీలం. తోక ఉందా లేదా అన్నంత పొట్టి. కంటి మీదుగా మందంగా కాటుక దిద్దినట్టు నల్లటి పట్టీ. మా వాచ్‌మన్ బీహార్ అతను, చూడగానే "నవరంగ్ హై మేడమ్" అన్నాడు.

చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. గుండె మాత్రం నా వేళ్లకి టకటకా తగులుతోంది. రోజూ ఎంతోమంది నాడి మీద వేలు పెట్టే పని నాది, అంత వేగంగా కొట్టుకునే ప్రాణాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. చెప్పుల డబ్బాకి చిల్లులు పొడిచి, అడుగున పాత టవల్ ముక్క పరిచి, అందులో పెట్టి మూత వేశాను. ఆ రోజు సెలవు పెట్టేశాను. నీళ్లు పట్టాలా వద్దా అని ఒకటే టెన్షన్. సీసా మూతలో కాసిని నీళ్లు పోసి లోపల పెడితే ముట్టలేదు.

సాయంత్రం ఐదున్నరకి డబ్బాలో గీరుతున్న చప్పుడు మొదలైంది. మా కాలనీ పార్కులో వెనక గోడ దగ్గర, నేరేడు చెట్టు కింద, ఎవరూ ఊడవని మూల ఒకటుంది. అక్కడ మూత తీశాను. ఒక నిమిషం అలాగే నిలబడింది. తర్వాత రెండు గెంతులు వేసి, ఒక ఎండుటాకుని ముక్కుతో పక్కకి విసిరి, కిందున్న పురుగుని లాక్కుని మింగింది. ఇంకో ఆకు, ఇంకోటి. అలా ఆకుల్లోకి నడుచుకుంటూ వెళ్లిపోయింది. రెండు గజాల దూరంలో, అన్ని రంగులున్న పిట్ట, నేను చూస్తుండగానే కనబడకుండా పోయింది. ఎగిరి పోలేదు, అది మాత్రం కచ్చితంగా చెప్పగలను.

రెండోది ఈ ఏప్రిల్‌లో. మా తమ్ముడి ఉద్యోగం భువనేశ్వర్‌లో. వాడితో కలిసి ఒడిశా తీరంలోని భితరకనికా వెళ్లాం. మే 1 నుంచి జూలై 31 దాకా మొసళ్లు గుడ్లు పెట్టే కాలమని పార్క్ మూసేస్తారు, అందుకని ముందే వెళ్లాం. చాంద్‌బలిలో బోటు ఎక్కాం. నీళ్లు ఆటులో ఉన్నాయి. రెండు వైపులా బురద తేలింది. ఆ బురదలోంచి మడ చెట్ల వేళ్లు మేకులు దిగ్గొట్టినట్టు వేల కొద్దీ పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటి మధ్య ఎర్ర పీతలు. ఒక పిల్లకాలువలోకి తిరిగాక బోటు నడిపే అన్న ఇంజిన్ ఆపేసి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మాకు సైగ చేశాడు.

రెండు ముక్కల ఈల. కాస్త బొంగురుగా, "వ్యా-వ్యూ" అని. ముందు కుడి వైపు నుంచి, కాసేపటికి వెనక నుంచి. నలభై నిమిషాలు విన్నాం, పిట్ట లేదు. గట్టు మీద హెంతాల్ అనే ఈత జాతి పొదలు ఎంత దట్టంగా ఉన్నాయంటే లోపల పట్టపగలే చీకటి. మేం ఇక చాలనుకుంటుండగా ఒక వేరు మీదికి వచ్చింది. నోట్లో చిన్న పీత. దాన్ని వేరుకేసి రెండుసార్లు కొట్టింది, లోపలికి వెళ్లిపోయింది. అంతే. అదే ఆకుపచ్చ వీపు, అదే నీలం, అదే పొట్టి తోక! నా నోట్లోంచి "మా పిట్టే!" అని వచ్చేసింది. కానీ ముక్కు మాత్రం చాలా లావుగా, నల్లగా అనిపించింది.

అడగాలనుకున్నవి ఇవి. ఆ రెండూ ఒకటేనా? ఒకటే అయితే ఆ ఉప్పునీటి బురదలో బతికేది మా పార్కింగ్‌లోకి ఎలా వచ్చింది? ఇంకోటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆ డబ్బా విషయంలో నేను చేసింది సరైనదేనా? ఏడు నెలలైంది, ఆ మూలవైపు వెళ్లినప్పుడల్లా అది బతికిందా లేదా అనే అనుకుంటాను.

—

చెరువుగట్టు:

మందారం గారూ, మీరు రాసిన గుర్తులు చాలు, ఫొటో లేకపోయినా చెప్పొచ్చు. రెండూ ఒకటి కావు, కానీ ఒకే ఇంటివి. తార్నాకలో మీకు దొరికింది పొన్నంగి పిట్ట, ఇంగ్లీషులో ఇండియన్ పిట్టా అంటారు. భితరకనికాలో చూసింది మాంగ్రోవ్ పిట్టా, మడ అడవి పిట్ట అనుకోండి.

ముక్కు లావుగా ఉందనుకోవడం మీ భ్రమ కాదు. దాని శాస్త్రీయ నామంలోని "మెగారింకా" అన్న మాటకి అర్థమే పెద్ద ముక్కుది అని. మన పొన్నంగి మెత్తటి నేలలో పురుగులు, వానపాములు ఏరుకుని తింటుంది. మడ అడవి పిట్టకి దొరికే తిండి పీతలు, నత్తలు. వాటి పెంకు పగలాలంటే ఆ ముక్కు కావాలి. మీరు చూసిన ఆ నాలుగు సెకన్లలో అది చేసిన పని సరిగ్గా అదే. చాలామంది రెండు మూడు ట్రిప్పులు తిరిగినా ఆ దృశ్యం దొరకదు.

ఇంకా తేల్చుకోవాలంటే నడినెత్తి చూడాలి. పొన్నంగికి ముక్కు మొదలు నుంచి మెడ వెనక దాకా నెత్తి మధ్యలో నల్లటి గీత ఉంటుంది, పాపిట తీసినట్టు. కంటి పట్టీకి పైన సన్నని తెల్ల గీత కూడా ఉంటుంది. మడ అడవి పిట్టకి ఆ పాపిటా లేదు, తెల్ల గీతా లేదు. నెత్తంతా ఒకటే గోధుమరంగు, దాని కింద నల్లటి ముసుగు. పొడవులో రెండూ ఇంచుమించు ఒకటే, జానెడు కన్నా తక్కువ. బరువులో తేడా ఉంది. పొన్నంగి యాభై అరవై గ్రాములుంటే మడ అడవిది వంద దాకా తూగుతుంది. మీ తమ్ముడు తీసిన ఫొటో ఏదైనా ఉంటే నెత్తి చూడమనండి.

మీ పార్కింగ్‌లోకి ఎలా వచ్చిందంటే, అది ప్రయాణంలో ఉంది. పొన్నంగి వానాకాలంలో హిమాలయాల కింది అడవుల్లో, మధ్య భారతం అడవుల్లో గూడు కడుతుంది. చలికాలం దక్షిణానికి, శ్రీలంక దాకా వెళ్తుంది. మే చివర్లో ఇటు నుంచి అటు, సెప్టెంబర్, అక్టోబర్‌లో అటు నుంచి ఇటు. ప్రయాణం రాత్రిపూట. తెల్లారేసరికి ఎక్కడుంటే అక్కడ దిగాలి, కింద మన ఊరుంటే మన ఊళ్లోనే. అడవిలో పొద కింద నుంచి బయటికి రావడానికే ఇష్టపడని పిట్ట, లైట్ల మధ్య, అద్దాల మధ్య దిగుతుంది. హైదరాబాద్‌లో ఏటా ఆ రెండు కాలాల్లో ఎవరో ఒకరి బాల్కనీలోనో బాత్రూమ్‌లోనో ఇది దొరుకుతూనే ఉంటుంది.

మడ అడవి పిట్టకి ఇన్ని దూరాలు లేవు. దాని లోకమంతా సముద్రపు అంచు. మన దేశంలో భితరకనికా, సుందర్‌బన్స్. అక్కణ్ణుంచి బంగ్లాదేశ్, మయన్మార్, థాయ్‌లాండ్, మలేషియా, సుమత్రా తీరాలు. ఉప్పునీటి మడ చెట్లు ఎక్కడ ఆగిపోతే అదీ అక్కడ ఆగిపోతుంది. రొయ్యల చెరువుల కోసం, కలప కోసం ఆ చెట్లు కొట్టిన ప్రతిచోటా దీని ఇల్లు పోయినట్టే. ముప్పు అంచుకి చేరిన పక్షుల్లో దీన్ని కూడా లెక్కేశారు.

—

లాంగ్‌లెన్స్_మియాపూర్:

నలభై నిమిషాలు ఎందుకండీ వెయిట్ చేయడం? ఈసారి వెళ్లేటప్పుడు దాని కూత ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకుని చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో పెట్టండి. నేను వేరేచోట వేరే పిట్టాకి అలాగే చేశాను. పదిహేను నిమిషాల్లో ఎదురుగా కొమ్మ మీదికి వచ్చి కూర్చుంది. ఫుల్ ఫ్రేమ్ ఫొటో దొరికింది.

—

చెరువుగట్టు:

దయచేసి ఆ పని చేయకండి, చేయమని ఎవరికీ చెప్పకండి. అది మీ కోసం కొమ్మ మీదికి రాలేదు. ఇంకో మగపిట్ట తన చోటులోకి వచ్చిందనుకుని, తిండి మానేసి, పెట్టను వదిలేసి కొట్లాటకి వచ్చింది. ఏప్రిల్, మే అంటే మడ అడవి పిట్ట జత కట్టే కాలం. పొదలో దాక్కుని బతకడమే దాని రక్షణ. దాన్ని పదిహేను నిమిషాలు బయట కూర్చోబెడితే జాలెడేగకి చూపించినట్టే. ఒక్కరు చేస్తే ఒకసారి. సీజన్‌లో వచ్చే ప్రతి బోటూ చేస్తే?

మందారం గారి బోటు అన్న ఇంజిన్ ఆపి, చెయ్యి చెవి దగ్గర పెట్టాడు చూడండి, నేను నేర్చుకున్న పద్ధతీ అదే. ఇరవై ఏళ్లుగా చెరువుల వెంట, అడవుల వెంట తిరుగుతున్నాను. పొన్నంగిని అనంతగిరి కొండల్లో జూన్ నెలలో మొదటిసారి సరిగ్గా చూడ్డానికి నాకు మూడు వానాకాలాలు పట్టింది. రెండేళ్లు చెవితోనే సరిపెట్టుకున్నాను. మూడో ఏడు కొమ్మ మీద కూర్చుని, తల వెనక్కి విరిచి, ఈల వేస్తుండగా చూశాను. ఈల వేసిన ప్రతిసారీ ఆ పొట్టి తోక కిందికి ఊగుతుంది. అది ఏ ఫొటోలోనూ తెలియదు.

—

లాంగ్‌లెన్స్_మియాపూర్:

పెట్టను వదిలేసి వస్తుందన్న సంగతి నాకు తెలియదండి. మా గ్రూపులో అందరూ చేస్తారు, మామూలే అనుకున్నాను. ఇక చేయను. గ్రూపులో కూడా చెప్తాను.

—

పాతపలక:

పిట్టల గురించి నాకు పెద్దగా తెలియదు, నేను తెలుగు చెప్పేవాణ్ణి. కానీ ఈ పోస్టులో "ఇండియన్ పిట్టా", "మాంగ్రోవ్ పిట్టా" అని చదువుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను. ఆ "పిట్టా" మన పిట్టే. పోలిక కుదరడం కాదు, నిజంగా మన మాటే.

మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఎడ్వర్డ్ బక్లీ అని ఒక ఇంగ్లీషు వైద్యుడు ఉండేవాడు. అక్కడి పక్షుల బొమ్మలు వేయించి ఇంగ్లండ్ పంపాడు. జాన్ రే అనే శాస్త్రవేత్త పక్షుల పుస్తకం 1713లో, ఆయన చనిపోయాక అచ్చయింది. ఈ మద్రాసు పక్షుల్ని అందులో చేర్చారు. అందులో ఒక బొమ్మ దగ్గర ఇంగ్లీషు అక్షరాల్లో పొన్నంకి పిట్ట, అంటే ఈ పొన్నంగి, అన్న మన పేరే ఉంది. బొమ్మ వేసేటప్పుడు పక్కన ఎవరో తెలుగు మనిషి నిలబడి, ఇదేమిటయ్యా అని అడిగితే, పొన్నంకి పిట్ట దొరా అని చెప్పి ఉంటాడు. ఆ మనిషి పేరు ఎక్కడా లేదు.

తర్వాత 1766లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని కాకుల జాతిలో కలిపి పొట్టితోక కాకి అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియెయో కాకుల్లోంచి విడదీసి, ఈ జాతికి పిట్టా అని పేరు ఖాయం చేశాడు. ఇప్పుడు ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా, సోలమన్ దీవుల దాకా ఈ కుటుంబంలో నలభైకి పైగా రకాలున్నాయి. అన్నిటికీ ఇంటిపేరు మనదే. ఒడిశా బురదలో పీతను కొట్టే ఆ పిట్టకి కూడా.

మనం పిచ్చుకనీ పిట్టే అంటాం, గిజిగాణ్ణీ పిట్టే అంటాం. తమిళులు దీన్ని ఆరుమణి కురువి అంటారు, పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి కూస్తుందని. మీ వాచ్‌మన్ నవరంగ్ అన్నాడు. వాళ్లు కాలాన్ని చూసి, రంగుల్ని చూసి పేరు పెట్టారు. మనవాళ్లు ఏం చూసి పొన్నంకి అన్నారో, పొన్ను అంటే బంగారమనే పెట్టారో, నేను ఇంకా వెతుకుతూనే ఉన్నాను. మందారం గారూ, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా అడవి పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లుంటే ఏమని పిలిచేవారో అడిగి రాయరా?

—

డబ్బాలో_పక్షి:

మందారం గారు ముఖ్యం అన్న ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. నేను దెబ్బతిన్న పక్షుల్ని చూసుకునే వలంటీర్‌ని, ఉండేది ఎల్బీనగర్. మీరు చేసింది సరైనదే, దాదాపు అంతా.

అద్దానికి తగిలిన పిట్టకి కావలసింది చీకటి, నిశ్శబ్దం, కదలకుండా ఉండే చోటు. చిల్లులున్న అట్టడబ్బా ఆ మూడూ ఇస్తుంది. పంజరం వద్దు, భయంతో చువ్వలకేసి కొట్టుకుని ఈకలు విరగ్గొట్టుకుంటుంది. మీరు నోట్లో నీళ్లు పోయకపోవడం చాలా మంచి పని. డ్రాపర్‌తో పోస్తే శ్వాసనాళంలోకి వెళ్లి, దెబ్బకి బతికిన పిట్ట నీళ్లకి పోతుంది. అలాంటివి నేను చూశాను. పాలు, అన్నం, నానబెట్టిన బ్రెడ్ ఏవీ పెట్టకూడదు. డబ్బాలో నీళ్లున్న మూత కూడా వద్దు, తడిస్తే చలి పడుతుంది. మీరు చేసినదాంట్లో నేను మార్చేది అదొక్కటే.

గంటకో రెండు గంటలకో ఒకసారి బయట పొదల దగ్గరికి తీసుకెళ్లి మూత తీసి చూడొచ్చు, ఇంట్లో మాత్రం తీయకూడదు. రెక్క వేలాడుతున్నా, తల ఒక పక్కకి వాలిపోతున్నా, రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా పక్షుల్ని చూసే డాక్టర్ దగ్గరికో అటవీ శాఖ వాళ్లకో అప్పగించాలి. ఇంట్లో పెంచుకోవడం చట్టప్రకారం నేరం కూడా. మీ పిట్ట గీరింది, నిలబడింది, ఆకు తిరగేసి పురుగుని పట్టింది. సొంతంగా తిండి పట్టుకున్న పిట్టని ఇంకేం పరీక్ష చేస్తాం? మీరు వదిలిన వేళ కూడా మంచిదే. చీకటిపడే ముందు కాస్త తిని, ఓపిక ఉంటే ఆ రాత్రో మర్నాడు రాత్రో మళ్లీ బయల్దేరతాయి.

ఇప్పుడు నేను అడిగేది ఒకటుంది. మెట్ల దగ్గర ఆ అద్దం ఇంకా అలాగే ఉందా? అందులో చెట్లు కనిపిస్తాయి, పిట్ట అదే దారి అనుకుంటుంది. లోపల వైపు ఒక స్టిక్కర్ అంటిస్తే చాలదు. బయటి వైపు, రెండు అంగుళాలకొకటి చొప్పున సన్నటి టేపు ముక్కలు పై నుంచి కింద దాకా అంటించండి. ఇంకో పది పన్నెండు రోజుల్లో అవి దక్షిణం నుంచి తిరిగి వస్తాయి.

—

మందారం_తార్నాక:

అందరికీ చాలా థ్యాంక్స్. ఆఫీసు నుంచి వచ్చి ఒక్కోటి రెండేసి సార్లు చదివాను.

చెరువుగట్టు గారూ, తమ్ముడు మూడు ఫొటోలు తీశాడు. రెండింట్లో ఉత్త ఆకులు. మూడోది మసక, కానీ నెత్తి కనిపిస్తోంది. పెద్దది చేసి చూశాం. పాపిట లేదు. మొత్తం గోధుమరంగే. అది మడ అడవి పిట్టే. "మా పిట్టే" అన్నాను గానీ, పాతపలక గారు రాసింది చదివాక నేను అన్నదాంట్లో తప్పేమీ లేదనిపించింది.

డబ్బాలో_పక్షి గారూ, మీ జవాబు చదివి ఏడ్చాను. నీళ్ల మూత సంగతి గుర్తుపెట్టుకుంటాను. అద్దం అలాగే ఉంది. ఆదివారం మా అబ్బాయి, నేను స్టూల్ వేసుకుని తెల్ల టేపు అంటించడం మొదలుపెట్టాం. సగం అయ్యేసరికి అసోసియేషన్ ఆయన వచ్చి, బిల్డింగ్ అందం పోతుంది, ఎవర్ని అడిగి చేస్తున్నారు అన్నారు. ఫోన్‌లో నా దగ్గరున్న పొన్నంగి ఫొటో చూపించాను. చాలాసేపు చూశారు. జూన్ చివరిదాకా ఉంచుకోండి, తర్వాత మీటింగ్‌లో మాట్లాడదాం అన్నారు. ప్రస్తుతానికి అది చాలు. మిగతా సగం సాయంత్రం అంటించాం. పార్కులో నేరేడు కింద ఆ మూల కూడా చూసి వచ్చాను. ఊడ్చే ఆవిడకి చెప్పాను, అక్కడ ఆకులు కాల్చకమ్మా, వాటి కింద పురుగుల కోసం పిట్టలొస్తాయి అని. "నాకు ఆ మూల పని తప్పుతుందంటే నేనెందుకు కాలుస్తా" అంది.

పాతపలక గారూ, మీరు అడిగినట్టు అమ్మకి ఫోన్ చేశాను. అమ్మది ఏటూరునాగారం పక్కన అడవిని ఆనుకుని ఉన్న ఊరు. పొన్నంగి పిట్ట తెలుసా అంటే తెలియదంది. ఆకుపచ్చగా ఉంటుంది, ఎర్రగా ఉంటుంది అని రంగులన్నీ చెప్పాను. అలాంటిది ఎప్పుడూ చూడలేదంది. పొద్దున, సాయంత్రం ఈల వేస్తుందట, తొలకరి ముందు వస్తుందట అన్నాను. అప్పుడు అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అదా? దాన్ని చూసినోళ్లు ఎవరున్నారే. మేం ఇప్పపూలు ఏరేది అయిపోయినాక వచ్చేది. దాని కూత విని మా నాయిన నాగలి దించేటోడు. దానికి పేరేం పెట్టలే మేం" అంది.

ఎలా కూసేది అమ్మా అని అడిగాను. డెబ్బై రెండేళ్ల మనిషి, పై పళ్లు రెండు లేవు. ఫోన్‌లో రెండు ముక్కల ఈల వేసింది, మొదటిది పైకి లేచి, రెండోది కిందికి జారుతూ. స్పీకర్‌లో పెట్టి ఉంది. హోమ్‌వర్క్ చేసుకుంటున్న మా అబ్బాయి తలెత్తి బాల్కనీ వైపు చూశాడు.